కుడి నుంచి ఎడమకి

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. పుట్టుబుద్ధి. బస్టాపులో బస్సు ఆలస్యమైతే తరవాతి స్టాపుదాకా నడిచేస్తాను, సరిగ్గా ఆ మధ్యలోనే బస్సు నన్ను దాటుకుని పోతుంది. పెళ్లిలో వడ్డన ఆలస్యమైతే నేనే లేచి గరిటె పట్టుకుంటాను. చర్చిలో ప్రసంగం సాగినకొద్దీ నా కాలు బెంచీ కింద ఊగుతుంది, పక్కనున్న నా భార్య మోచేత్తో పొడుస్తుంది. చేతుల్లో ఏదో ఒక పని ఉంటేనే నాకు ప్రాణం కుదుటపడుతుంది. వడ్రంగంలోకి వచ్చింది కూడా అందుకేననుకుంటాను.

అలాంటివాడికి చేతుల వణుకు వచ్చింది. మొదట టీ కప్పు సాసరు మీద టకటకలాడింది. తరవాత చొక్కా గుండీలు మొండికేశాయి. డాక్టరు నన్ను చేతులు చాచమన్నాడు, కాగితం మీద నత్తగుల్లలా ఒక చుట్ట గీయమన్నాడు. నేను గీసిన చుట్ట చూసి, ఇది కొందరికి వయసుతో వచ్చే వణుకు, ప్రాణానికి ప్రమాదం లేదు, మాత్రలతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు అన్నాడు. ప్రమాదం లేదన్న మాట విని నా భార్య దేవునికి స్తోత్రం చెప్పుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. చేతులతో బతికేవాడికి ప్రమాదం అంటే ఏమిటో ఆ డాక్టరుకు తెలియదనిపించింది.

నా పని ఎక్కువగా రూటరుతో. రెండు చేతులతో పట్టుకుని చెక్క అంచు మీద నడిపే మోటారు అది. దాని కొసన వేలెడంత బిట్టు బిగిస్తాం. అది గిర్రున తిరుగుతూ అంచును గుండ్రంగానో, గాడిగానో, మెట్లు మెట్లుగానో చెక్కుతుంది. ఒక్కో అంచుకు ఒక్కో బిట్టు. అలాంటి బిట్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నాను. రెజిమెంటల్ బజార్‌లో మేకుల కోసం వెళ్లినా ఒక బిట్టు పట్టుకుని తిరిగొచ్చేవాణ్ణి. చెక్కపెట్టెలో రంధ్రాలు చేసి వాటిని నిలబెట్టాను. ఆ పెట్టె తెరిచి చూసుకుంటుంటే నా భార్య, ఆడవాళ్లు నగలపెట్టె కూడా అంతసేపు చూసుకోరని ఎద్దేవా చేసేది.

మారేడ్‌పల్లిలో ఒకరింట్లో టేకు తలుపు అంచు తీస్తుండగా నా చెయ్యి ఒక్కసారి అదిరింది. బిట్టు చెక్కలోకి దిగి గుంట పెట్టింది. కొత్త తలుపు చేసిచ్చాను. ఆ తరవాత రూటరు స్విచ్చు వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. యాప్రాల్‌లోని నా అద్దె షెడ్డుకు రోజూ వెళ్లడం, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చడం, కాలుగాలిన పిల్లిలా తిరగడం, ఇంటికి రావడం. ఇలా కొన్నాళ్లు చూసి నా భార్య షెడ్డు ఖాళీ చేసేద్దామంది. ఆమె ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. మనకు జరిగిపోతుంది, ఇంక వేళ్లు పోగొట్టుకునే దాకా ఆగొద్దు అని ఆమె వాదన. షెడ్డు లేకపోతే నేను రోజంతా ఏం చేయాలో మాత్రం ఆమె చెప్పలేదు.

అప్పుడే ఒక మూతపడిన కార్ఖానా వాళ్లు షేపరు అమ్ముతున్నారని తెలిసింది. షేపరంటే ఇనప బల్ల. దాని మధ్యలోంచి ఒక ఇరుసు పైకి పొడుచుకు వచ్చి తిరుగుతుంది. ఆ ఇరుసుకు కట్టరు బిగించి, చెక్కను బల్ల మీద జరుపుతూ దానికి ఆనిస్తారు. అది చూడగానే నా బుర్రలో లైటు వెలిగింది. రూటరులో చెక్క కదలదు, మనం కదులుతాం. షేపరులో మిషను కదలదు, చెక్క కదులుతుంది. నేలకు బోల్టులతో బిగించిన ఇనప బల్లకు వణుకెక్కడిది? చెక్కను, ఇరుసు వెనక నిలువుగా బిగించిన ఆనుపలకకు అదిమి తోస్తే చాలు, నా చెయ్యి కొంచెం అదిరినా అంచు అదరదు.

చిక్కల్లా ఒకటే. షేపరు కట్టర్లు అరచెయ్యంత ఉంటాయి, లావుపాటి ఇరుసుకు ఎక్కుతాయి. నా దగ్గరున్నవి వేలెడంత బిట్లు. అయితే నేను కొన్న ఆ మిషనుతోపాటు గ్రీజు కాగితంలో చుట్టిన రెండో ఇరుసు వచ్చింది. దాని కొసన బిట్టు కాడను పట్టి బిగించే నోరుంది. అమ్మినవాళ్లు అదేమిటో తెలియక ఇనుప ముక్కల్లో పడేశారు. నా బిట్లు పట్టడానికే దాన్ని చేశారని నాకు చూడగానే తెలిసిపోయింది.

రెజిమెంటల్ బజార్‌లో బిట్లు అమ్మే పాత స్నేహితుడికి చెబితే నవ్వాడు. లారీకి సైకిల్ చక్రం ఎక్కిస్తావా అన్నాడు. నవ్వడం అయ్యాక అసలు సంగతి చెప్పాడు. షేపరు తిరిగే వేగం రూటరులో సగం కూడా ఉండదట. బిట్టు మెల్లగా తిరిగితే ఒక్కో కోత లావుగా పడి చెక్క రేగిపోతుందట. అందుకని సన్న కాడ బిట్లు అసలు వాడొద్దు, అర అంగుళం కాడవే వాడు, ఒక్కసారే లోతుకు పోకు, అన్నిటికంటే ముఖ్యం చెక్కను మెల్లగా తోయి అన్నాడు. ఎంత మెల్లగా అని అడిగాను. నువ్వు తోయగలిగినంత మెల్లగా కాదు, ఇంకా మెల్లగా అన్నాడు. వాడికి నన్ను చిన్నప్పటి నుంచీ తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లో మా సంఘం పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. ప్రభు బల్ల ముందు అందరం మోకరించేటప్పుడు చేతులు ఆన్చే చెక్క రైలింగు ఉంది కదా, దాని పై పలకను చెదలు తినేశాయి. పాతదాని అంచు చాలా అందంగా ఉంటుంది. పైన గుండ్రం, కింద సన్నటి గాడి. అదే అంచుతో కొత్తది చేసివ్వగలరా అని అడిగారు. నేను భార్య వైపు చూడకుండానే సరేనన్నాను. ఆయన వెళ్లాక ఆమె, ఇది ఒక్కటి చేయండి, ఏ గాయమూ లేకుండా చేస్తే అప్పుడు చూద్దాం, లేకపోతే షెడ్డు తాళాలు నాకిచ్చేయాలి అంది. దేవుని పని కాబట్టి ఒప్పుకుంది గానీ నా మీద నమ్మకంతో కాదు. నేను మాత్రం నాకు ఉరిశిక్ష తప్పినంత సంబరపడ్డాను.

టేకు పలకలు తెచ్చాను. అసలు పలకను ముట్టుకోకముందు మిగులు ముక్కల మీద మొదలుపెట్టాను. మొదటి ముక్క ఎలుకలు కొరికినట్టు వచ్చింది. రెండోదీ అంతే. మెల్లగా తోయాలని తెలుసు, తోస్తున్నాననే అనుకున్నాను. కానీ సగం దూరం పోగానే నా ఒళ్లు నా మాట వినదు. ఇంకా ఎంతసేపు, అయిపోనీ అన్నట్టు చేతులు ముందుకు పరిగెత్తేవి. వణుకుతో నాకు గొడవ రాలేదు, చెప్పొద్దూ. ఆనుపలక వణుకును మింగేసింది. గొడవంతా నా తొందరతోనే వచ్చింది. పళ్లు బిగించి, మనసులో కీర్తన పాడుకుంటూ, ఒక్కో చరణానికి ఇంత దూరమని తోశాను. కీర్తన కూడా తొందరగా పాడేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చేతి రూటరును చెక్క అంచు మీద ఎడమ నుంచి కుడికి నడపాలి. నా ఒంటికి అలవాటైన దారి అది. షేపరులో బిట్టు తలకిందులుగా ఉంటుంది కాబట్టి దారి తిరగబడుతుంది. చెక్కను కుడి నుంచి ఎడమకి తోయాలి, బిట్టు తిరిగే దిక్కుకు ఎదురుగా. దాని దిక్కునే తోస్తే బిట్టు చెక్కను లాక్కుని విసిరేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. మరిచిపోతానేమోనని బల్ల మీద సుద్దముక్కతో బాణం గుర్తు కూడా గీసుకున్నాను. మధ్యాహ్నానికి ఆ బాణం మీద పొట్టు పేరుకుపోయింది.

నా భార్య అన్నం డబ్బా పట్టుకుని వచ్చి షెడ్డు లోపల ఒక పక్కన నిలబడి ఉంది. ఆమె చూస్తోందని నాకు హుషారెక్కింది. ఒక ముక్క బాగా వచ్చింది. అది ఎడమ చేతివైపుకు వచ్చి ఆగింది. ఇంకో విడత లోతు తీద్దామని, దాన్ని తిరిగి కుడివైపుకు తెచ్చుకునే ఓపిక లేక, ఎడమవైపు నుంచే ఆనించి తోశాను. చేతి రూటరు పట్టినవాడు మాత్రమే చేసే తప్పు అది. నా ఒంటికి అదే సరైన దారి.

ముక్క నా చేతుల్లోంచి మాయమైంది. అది ఎగిరి తగిలి షెడ్డు షట్టరు దడాలుమంది. ముక్కతోపాటు ముందుకు లాక్కుపోయిన నా కుడిచెయ్యి బిట్టుకు వేలెడు దూరంలో ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. షట్టరు రేకు సొట్టపోయింది. నా భార్య అటువైపు నిలబడలేదు, అంతే అదృష్టం.

ఆమె కేకవేయలేదు. నడిచి వచ్చి మెయిన్ ఆపింది. ఫ్యూజు ఊడబెరికి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్లన్నీ ఉన్నాయి.

"ఇగ చాలు," అంది. "ఇంటికి పోదాం పాండ్రి."

స్కూటీ ఆమే నడిపింది. నేను వెనక కూర్చున్నాను. ఆమె చెప్పిందే జరిగింది. ఆమె మీద కోపం రాలేదు, ఆమె చెప్పింది నిజమైనందుకు వచ్చింది. ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. పొద్దున లేచి మారేడ్‌పల్లి వీధులన్నీ తిరిగేవాణ్ణి. ఇంట్లో బాగున్న కుర్చీ కాళ్లు విప్పి మళ్లీ బిగించాను. కుళాయి కారకపోయినా వాషరు మార్చాను. ఫ్యూజు ఇవ్వమని ఒకసారి అడిగాను. ఆమె కుడుతున్న బ్లౌజు మీంచి తలెత్తకుండా, లేదంది. అయ్యగారికి ఎలా చెప్పాలో ఆలోచిస్తూనే ఆదివారం వచ్చేసింది.

ఆ ఆదివారం ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన. చెదలు పట్టిన రైలింగు అప్పటికే తీసేశారు. దాని చోట వరసగా ప్లాస్టిక్ కుర్చీలు తిప్పి వేశారు, మోకరించినవాళ్లు వాటి వీపులు పట్టుకుని లేవాలని. పట్టుకుంటే కదిలిపోయే కుర్చీలు. ఒక ముసలమ్మ లేవబోతూ కుర్చీ మీద బరువు వేసింది. కుర్చీ జారింది. నా భార్య ఆమె పక్కనే మోకరించి ఉండబట్టి సరిపోయింది, పడిపోకుండా నడుం పట్టుకుంది. ముసలమ్మ చెంగు సర్దుకుని, రైలింగు ఎప్పుడొస్తది బిడ్డా అని నా భార్యనే అడిగింది. ఈమె మొగుడే చేస్తున్నాడని సంఘమంతటికీ తెలుసు. ఏం జవాబు చెప్పిందో నాకు వినబడలేదు.

ఇంటికి వచ్చాక చీరైనా మార్చుకోకుండా వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నేను తోస్త," అంది. "మీరు చెప్పుండ్రి. చెయ్యి మాత్రం పెట్టొద్దు. ఈ రైలింగు అయినంక షెడ్డు ఇచ్చేద్దాం."

నేను అరికాలి మంట నెత్తికెక్కినట్టు లేచాను. ఇది బ్లౌజు కాదు, అది కుట్టుమిషను కాదు, నా పని నేను చేసుకోలేనా అని ఏమేమో అన్నాను. అంతా అయ్యేదాకా విని, ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఫ్యూజు తీసి టేబులు మీద పెట్టింది. దాన్ని తీసుకోవాలంటే ఆ షరతుకు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. మనసారా కాదు.

మొదటి రోజు మొదటి ముక్కకే ఇంకో గండం తప్పింది. కుట్టుమిషను మీద ఆమె ఎడమచేత్తో బట్టను ముందుకు నడుపుతూ, కుడిచేత్తో సూదికి అవతలినుంచి లాగుతుంది. ఏళ్ల అలవాటు. ఇక్కడా చెక్క ముందుకు సాగగానే ఒక చెయ్యి బిట్టు మీదుగా అవతలికి చాచింది. నేను అరిచి స్విచ్చు ఆపేశాను. ఆమెకు కోపమొచ్చింది, చెవిలో అట్లా అరిస్తే చెయ్యి ఇంకా జారుతుందని. నిజమే. కానీ నేనెలా అరవకుండా ఉంటాను? ఇద్దరం కాసేపు చెరో మూల నిలబడ్డాం. ఆమె అలవాటు ఆమెది, నా అలవాటు నాది. రెండూ ఆ బిట్టు దగ్గర పనికిరావని అప్పుడు అర్థమైంది.

తరవాత రెండు తోపుడు చెక్కలు చేశాను. పిడి ఉన్న పీటల్లాంటివి. ఆమె చేతులు వాటి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. బిట్టు చుట్టూ రేకుతో మూత కట్టాను. చెక్కను ఆనుపలకకు అదిమి ఉంచడానికి, వెనక్కు తన్నకుండా ఆపడానికి, దువ్వెన పళ్లలా చీల్చిన పలకలు బిగించాను. బాణం గుర్తు ఈసారి రంగుతో వేశాను. ఇవన్నీ నేనే చేశాను, వణికే చేతులతోనే, మిషను ఆపి ఉన్నప్పుడు. ఎంతో సేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

ఇక ఆమె తోయడం మొదలుపెట్టింది. అయ్యో, ఆ మెల్లదనం! మెడ చుట్టూ పైపింగు కుట్టేటప్పుడు ఎంత మెల్లగా పోతుందో అంతే మెల్లగా తోసింది. పలక కదులుతోందా లేదా అని నాకు అనుమానం వచ్చేది. నా భుజాలు ముందుకు వంగేవి, నోరు ఊరుకునేది కాదు. తొందరగా కానీయ్, కానీయ్ అనేవాణ్ణి. రెండుసార్లు చూసింది. మూడోసారి మిషను ఆపి, బయటికి పోయి నిలబడమంది.

నా షెడ్డులోంచి నన్ను బయటికి పంపింది. షట్టరు అవతల సందులో నిలబడ్డాను. కొత్త అపార్టుమెంట్లకు నీళ్ల ట్యాంకర్లు పోతున్నాయి. వాటి మోత మధ్య మిషను చప్పుడు వింటూ అటూ ఇటూ నడిచాను. బిట్టు చెక్కను కొరికేటప్పుడు ఎవరెలా తోస్తున్నారో చప్పుడు చెబుతుంది. తొందరపడితే మిషను గొంతు దిగుతుంది, ఆగితే చెక్క కమిలి వాసన వస్తుంది. ఆమె చప్పుడు ఒకే గొంతుతో సాగింది. ఎక్కడా దిగలేదు, వాసన రాలేదు. సంతోషమా అంటే సంతోషమే. కానీ నా చేతులు ఏనాడూ అంత నిలకడగా లేవు, వణుకు రాకముందు కూడా. ఆ సంగతి అన్నేళ్ల తరవాత సందులో నిలబడి తెలుసుకోవలసి వచ్చింది.

లోపలికి వెళ్లి పలక అంచు మీద వేలు పెట్టి చూశాను. పాలిష్ కాగితం అక్కర్లేనంత నున్నగా ఉంది. ఆమె కింద గాడి తీయడానికి బిట్టు మార్చి ఇమ్మంది. మార్చి ఇచ్చాను. ఈసారి నన్ను బయటికి పంపకుండానే తోసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను.

రైలింగు బిగించిన తరవాత వచ్చిన సంస్కారపు ఆదివారం అందరూ దాని మీద చేతులు ఆన్చి మోకరించారు. ఆ ముసలమ్మ కింది గాడిలో వేళ్లు దూర్చి, దాన్ని పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా లేచింది. ఆరాధన అయ్యాక అయ్యగారు నా భుజం తట్టి, మీ చేతి పనికి తిరుగు లేదండీ అన్నారు. నా భార్య పక్కనే ఉంది. చేసింది ఆవిడండీ అన్నాను. ఆయన సరదాకు అన్నాననుకుని గట్టిగా నవ్వి, ఇంకెవరో పిలిస్తే వెళ్లిపోయారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. షెడ్డు ఇచ్చేసే రోజు వచ్చేసిందన్న సంగతి తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

సోమవారం సామాను సర్దడానికి వెళ్లాం. నేను పెద్ద సామాను ఎక్కడ పెట్టాలా అని షెడ్డంతా తిరుగుతున్నాను, ఒక్కటీ ముట్టుకోకుండా. ఆమె బల్ల దగ్గర కూర్చుని బిట్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో నిలబెడుతోంది. రైలింగు అంచు తీసిన బిట్టు దగ్గర ఆగింది. దాని పదును చుట్టూ నల్లగా ఉంది.

"దీని పదును పోయినట్టుంది. చూడుండ్రి," అని నా చేతికిచ్చింది.

వెలుతురుకు పట్టి చూడబోయాను. వణుకుతున్న చేతిలో బిట్టు కూడా వణికింది. అంచు కనబడలేదు. కళ్లు చికిలించాను, రెండో చెయ్యి కూడా ఆన్చాను. అప్పుడు ఇంకా ఎక్కువైంది. కోపంతో బల్ల మీద పడేయబోయాను. ఆమె తన అరచెయ్యి నా మణికట్టు మీద వేసి బల్లకు అదిమిపట్టింది, చెక్కను ఆనుపలకకు అదిమినట్టే. బిట్టు కదలకుండా నిలబడింది. ఇప్పుడు బాగా కనబడింది.

"పోలేదు," అన్నాను. "టేకు జిగురు కమిలి అంటుకుంది. కిరోసిన్‌లో ముంచి తుడిస్తే మళ్లా కోస్తది."

"నాకు పోయినట్టే అనిపిచ్చింది."

"నల్లగుంటే పోయినట్టు కాదు. అంచు మీద తెల్లటి గీత మెరిస్తే పోయినట్టు."

ఆమె తలవంచి, నా చేతిలో ఉన్న బిట్టునే దగ్గరగా చూసింది, ఆ గీత ఉందా లేదా అని. చాలాసేపు చూసింది. తరవాత రెండో చేత్తో పెట్టె మూత వేసి పక్కకు జరిపింది. ఆ బిట్టును మాత్రం అందులో పెట్టలేదు.

"ఇంకో చెక్క ఉన్నదా?" అంది.

మూలనున్న పలకల వైపు చూశాను.

"ఉంది," అన్నాను. "నా చెయ్యి వదిలితే తెస్త."

ఆమె వెంటనే వదల్లేదు.